కట్ట తెగితేనే కథా?

పోరుమామిళ్ల చెరువు శాసనాన్ని సాహిత్యంగా చదివినవాళ్లు తక్కువ. చరిత్రకారులు చదివారు. నీటిపారుదల ఇంజనీర్లు సదస్సుల్లో మొదటి స్లయిడ్‌గా వేసి, మన పెద్దలు ఎంత గొప్పవాళ్లో చూడండి అని ముందుకెళ్లిపోతారు. కానీ అది పద్యాల్లో ఉంది, సంస్కృత పద్యాల్లో. 1369లో విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడని ఇంకో పేరు) ఇప్పటి కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు కట్టించి, ఆ సంగతి రెండు రాతి పలకల మీద చెక్కించాడు. ఎపిగ్రాఫియా ఇండికా పద్నాలుగో సంపుటంలో దాన్ని పరిష్కరించి అచ్చు వేసింది వి. ఎస్. సుక్తంకర్. తర్వాతి రోజుల్లో పూనాలో మహాభారత సంశోధిత ప్రతికి సారథ్యం వహించిన ఆయనే. పాఠ పరిష్కరణలో అంత చేయి తిరిగిన మనిషి కూచుని చదివిన పాఠం ఇది. తెలుగు సాహిత్య విమర్శకు మాత్రం ఇది పక్కింటి వ్యవహారం.

నాకది పక్కింటి వ్యవహారంలా అనిపించకపోవడానికి కారణం నా ఉద్యోగం. పొద్దున లేస్తే డిజైన్ డాక్యుమెంట్లు చదివే బతుకు. ఈ శాసనం మొదటిసారి చదివినప్పుడు, ఛందస్సులో రాసిన డిజైన్ డాక్యుమెంట్ ఇదే కదా అనుకున్నాను. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది. చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెబుతుంది. నేల గట్టి బంకమట్టి నేల కావాలి. మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు మోసుకొచ్చే నది కావాలి. రెండు కొండల మధ్య సందు చూసుకుని కట్ట వేయాలి, అది మరీ పొడుగ్గా ఉండకూడదు, గట్టిగా ఉండాలి. లోపల లోతు, వెడల్పు ఉండాలి. దగ్గర్లోనే నిడుపాటి రాళ్లు దొరికే గని ఉండాలి. కింద చదునైన, పండే పొలాలుండాలి. ఇందులో ఒక్క ముక్క కూడా అలంకారం కోసం రాసింది కాదు. కట్ట ఎంత పొట్టిగా ఉంటే అంత తక్కువ మట్టి, అంత తక్కువ ప్రమాదం. నల్లమలకూ వెలికొండలకూ మధ్యన ఉన్న సగిలేటి లోయను ఒకసారి మ్యాపులో చూస్తే ఈ పద్యం ఎక్కడ నిలబడి రాశారో అర్థమవుతుంది.

దోషాల జాబితా ఇంకా బాగుంటుంది. కట్టలోంచి నీరు ఊరడం మొదటిది. ఇప్పటికీ మట్టి కట్టలను చంపే జబ్బుల్లో ముఖ్యమైనది అదే. చౌడు నేల. చెరువు మధ్యలో తాబేటి వీపులా మిట్ట. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒక దోషమైతే, నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం మరొకటి. ఇక ఇద్దరు రాజుల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమే! తుంగభద్ర నీళ్ల కోసం బోర్డుల చుట్టూ, ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగే కర్నూలు మనిషి ఈ వాక్యం దగ్గర ఆగి నవ్వుకోకుండా ఉండలేడు. ఆరున్నర శతాబ్దాల కిందటి కవికి హైడ్రాలజీతో పాటు రాజకీయం కూడా తెలుసు.

ఇంత మెచ్చుకున్నాక నా పేచీ. పన్నెండు అంగాల్లో మొదటిది ధర్మాత్ముడు, ధనవంతుడు, కీర్తి కోరే రాజు. రెండోది నీటి శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. ఆ తర్వాత నేల, నది, కొండ, రాయి. చిట్టచివర, పన్నెండోది, పనితనం తెలిసిన మనుషుల గుంపు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పనిచేశాయని శాసనమే చెబుతుంది. బండ్లకూ మనుషులకూ ఒకే వ్యాకరణం. సరే, పద్నాలుగో శతాబ్దపు రాజశాసనం నుంచి ఇంతకన్నా ఆశించడం అన్యాయం. నన్ను తొలిచేది వేరే సంగతి. పన్నెండు అంగాలు, ఆరు దోషాలు, మొత్తం పద్దెనిమిది అంశాల్లో పూడిక గురించి ఒక్కటి లేదు. ఏటా వాగు తెచ్చే ఒండ్రు ఎవరు తీయాలి, తూము ఎవరు చూసుకోవాలి, కట్ట మీద మొలిచే కంప ఎవరు కొట్టాలి, మరవ దగ్గర ఎవరు కాపలా ఉండాలి అన్నవేవీ లేవు. రిలీజ్ నోట్స్ ఉన్నాయి గానీ, ఆ తర్వాత రాత్రి రెండింటికి ఫోన్ మోగితే ఎవరెత్తాలో లేదు. ఆ చెరువులో ఇప్పటికీ నీళ్లు నిలుస్తున్నాయి. అంటే 650 ఏళ్లుగా ఎవరో ఒకరు ఆ ఫోన్ ఎత్తుతూనే ఉన్నారు. వాళ్ల గురించి పద్యం లేదు.

(మరవ అంటే తెలియనివాళ్ల కోసం: చెరువు నిండితే పైనీళ్లు పొర్లిపోయే చోటు. తెలంగాణలో అలుగు, నెల్లూరు వైపు కలుజు. మా వైపు "చెరువు మరవ పారింది" అనే వార్తకు బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి చెప్పేంత విలువ ఉంది.)

ఇది ఒక్క శాసనం సమస్య అయితే ఇంత రాయక్కర్లేదు. మన నీళ్ల సాహిత్యం మొత్తంలో ఇదే కొరత ఉందని నా అనుమానం. చెరువు కట్టడం మీద రాశాం. సప్తసంతానాల్లో తటాకాన్ని కొడుకు పక్కన, కావ్యం పక్కన కూచోబెట్టాం. చెరువు తెగడం మీద రాశాం. ఎండిపోవడం మీద అయితే చెప్పక్కర్లేదు, సీమ కథ అనగానే చాలామందికి కళ్ల ముందు కనబడేది నెర్రెలిచ్చిన చెరువే. కట్టడానికీ తెగడానికీ మధ్యన ఉండే వందల ఏళ్ల పని మీద ఏం రాశాం?

చెరువు తెగడం మీద మనకున్న పెద్ద కావ్యం కట్టమంచి రామలింగారెడ్డి "ముసలమ్మ మరణం". పందొమ్మిదో శతాబ్దం చివర, ఆయన ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడు రాసింది. బ్రౌన్ దొర అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలోంచి కథ తీసుకున్నారు. కడపకు పొరుగునే ఉన్న అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు వానలకు తెగబోతుంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ బలైతే కట్ట నిలుస్తుందని దైవవాణి వినిపిస్తుంది. ఆమె తనంతట తానే వెళ్లి నీళ్లకు ఆహుతి అవుతుంది. రాజు కాదు, దేవత కాదు, ఒక రైతు ఇంటి కోడలు కావ్య నాయిక కావడం అప్పటికి కొత్త. తెలుగులో ఆధునిక కవిత్వం ఇక్కడే మొదలైందని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. ఆ వాదనతో నాకు తగువు లేదు. అందులో కరుణ రసం మీదా తగువు లేదు.

నాకున్నది ఇంజనీరు ప్రశ్న. ఆ చెరువు ఎందుకు తెగబోయింది? మట్టి కట్ట ఊరికే తెగదు. లోపల పూడిక పేరుకుని చెరువు పట్టే నీళ్లు తగ్గుతాయి. ఇంకో నాలుగు రోజులు తడి దొరుకుతుందని కింది రైతులు మరవ ఎత్తు పెంచుతారు. ఎలుక బొక్కలు, ఎండ్రకాయ బొక్కలు, చచ్చిన చెట్ల వేళ్లు కట్టలో దారులు చేస్తాయి. అప్పుడు ఒక్క రాత్రి పెద్ద వాన పడుతుంది. ఆ వానే అందరికీ కనబడుతుంది. దాని వెనక ఉన్న ఇరవై ఏళ్లు కనబడవు. దైవం అడిగిన బలిగా కావ్యం చెప్పేదాన్ని మా ఆఫీసులో అయితే ఏళ్ల తరబడి వాయిదా వేసిన మెయింటెనెన్స్ అంటాం. ముసలమ్మను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆమె చావు అవసరమైన పరిస్థితిని కావ్యం ప్రశ్నించలేదే అన్నది నా బాధ. ఊరంతా ఎండాకాలంలో తట్టా పారా పట్టుకుని ఉంటే ఆమె ఇంట్లో ఉండేది, కానీ అప్పుడు కట్టమంచికి కావ్యం ఉండేది కాదు. సాహిత్యం ఎటువైపు నిలబడుతుందో ఈ ఒక్క చోట స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత "కవిత్వతత్త్వ విచారము" రాసి పాత కావ్యాలను అంత నిర్మొహమాటంగా నిలదీసిన మనిషి, తన కావ్యంలో దైవవాణిని మాత్రం నిలదీయలేదు.

ఇది పాత కథేనా అంటే, కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. కర్నూలు, అనంతపురం జిల్లాల కాలువలకు ఆధారం ఆ డ్యామే. 1953 నాటి కట్టడం, 33 గేట్లు. ఆ తర్వాత వారం రోజులు పారుతున్న నీళ్లలో స్టాప్‌లాగ్ దించిన కన్నయ్య నాయుడు తెలుగు మీడియాకు నాయకుడయ్యాడు. ఆయన అందుకు అర్హుడే, ఆ వయసులో అలాంటి పని చేయడం మాటలు కాదు. అయితే గొలుసుకు గ్రీజు పెట్టే మనిషి గురించి అంతకు ముందు డెబ్బై ఏళ్లలో మనం ఎన్ని వాక్యాలు చదివాం? 2021 నవంబర్ 19న అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, పదుల మంది చనిపోయారు. ఒక గేటు అంతకు ముందు నుంచే పనిచేయడం లేదని అప్పట్లో పత్రికలు రాశాయి. రాసింది ఎప్పుడు? కట్ట తెగాక. పనిచేయని గేటు వార్త కావాలంటే ముందు ఊళ్లు మునగాలి.

ఈ లెక్కన నవలను కూడా అదే గాటన కట్టేయొచ్చా? సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి "కొండపొలం" దగ్గర ఆగాల్సి వస్తుంది. 2019లో తానా బహుమతి వచ్చిన నవల, తర్వాత సినిమా కూడా అయింది. ఊళ్లో నీళ్లు, మేత కరువై గొర్రెలను తోలుకుని కాపరులు నల్లమల ఎక్కుతారు. వాళ్లతో పాటు చదువుకున్న, ఉద్యోగం దొరకని కుర్రాడొకడు. సినిమా చూసినవాళ్లకు పులి గుర్తుంటుంది. నవల చదివిన నాకు గుర్తుండిపోయింది రోజువారీ పని: మంద ఎక్కడ నిలపాలి, నీళ్లుండే చోటు ఎంత దూరం, తడిపిన మందను ఏ దారిన తిప్పాలి, రాత్రి ఎవరు మేలుకోవాలి. పేజీల కొద్దీ ఇదే. బోర్ కొట్టదు. పని తెలిసిన రచయిత పనిని వర్ణిస్తే అందులోనే ఉత్కంఠ పుడుతుందని "కొండపొలం" రుజువు చేసింది. అందుకే, పూడిక తీయడంలో కథేముంటుంది అనే మాటను నేను ఒప్పుకోను. గొర్రెలు నీళ్లు తాగడంలో ఉన్న కథ చెరువు నీళ్లు తాగడంలో ఎందుకుండదు? నా ఆశ ఒకటే. ఆ కాపరులు కొండ దిగి వచ్చాక, ఎండిపోయిన ఆ ఊరి కుంటల సంగతి ఇదే చేయి తిరిగిన వాక్యంలో ఇంకో నవలగా రావాలి.

ఆశకు ఆధారం చూపడానికి కాస్త దూరం వెళ్తాను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా అనే నది ఉంది. వందేళ్ల కిందట దాని మీద చేపలు ఎక్కే దారి కూడా వదలకుండా రెండు డ్యాములు కట్టారు. సముద్రం నుంచి పుట్టినచోటికి ఎదురీదే సాల్మన్ చేప అక్కడే ఆగిపోయింది. ఆ నదినే నమ్ముకున్న లోయర్ ఎల్వా క్లాలమ్ తెగవాళ్లు దశాబ్దాల పాటు పట్టువదలకుండా అడిగారు. 2011లో మొదలుపెట్టి 2014కల్లా రెండు డ్యాములూ తీసేశారు. చేప తిరిగొచ్చింది. సియాటెల్‌లో ఉన్న మనవాళ్లు వారాంతాల్లో అటు వెళ్లి ఫొటోలు పెడుతుంటారు. నా దృష్టి ఫొటోల మీద కాదు. ఆ తీరంలోని తెగలకు మొదటి సాల్మన్ వేడుక అని ఒకటుంది. ఏటా పట్టిన మొదటి చేపను అందరూ పంచుకుని తిని, ఎముకలను తిరిగి నదికి అప్పజెబుతారు. చేప మళ్లీ రావాలంటే మనం ఏటా ఏం చేయాలి అన్న ప్రశ్నకు వాళ్ల కథల్లో, పాటల్లో జవాబుంది. అది ఏటా చేసే పని గురించిన సాహిత్యం. మరవ పారిన రోజు మనం కూడా గంగపూజ చేస్తాం, పొట్టేలు కోస్తాం. అయితే మన పూజ నిండిన రోజుది. ఖాళీ చెరువులో తట్ట ఎత్తే రోజుకు మనకు తంతు లేదు.

అసలు మన దగ్గర ఆ పని జరగలేదా అంటే, జరిగింది, దాని రాత కూడా ఉంది. కావ్యాల్లో కాదు, లెక్కల్లో. దశబంధం ఇనాములు కడప, కర్నూలు ప్రాంతాల్లో మామూలు విషయం. చెరువు కట్టినవాడికో బాగు చేసినవాడికో కొంత భూమి ఇచ్చేవాళ్లు, చెరువును ఎప్పటికీ బాగులో ఉంచుతాడన్న షరతు మీద. అంటే నిర్మాణానికి కీర్తి, నిర్వహణకు భూమి. అలాగే మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఊరూరా తిరిగి రాయించిన కైఫీయత్తులు. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం సంపుటాలుగా వేసింది, కట్టా నరసింహులు పరిష్కరించారు. పోరుమామిళ్ల శాసనం చదివిన చేత్తో వీటిని తెరవండి. ఫలానావాడు అడవి కొట్టించి ఊరు కట్టాడు, చెరువు వేశాడు, గండి పడింది, ఊరు పాడుబడింది, ఇంకొకడొచ్చి గండి పూడ్చాడు, మళ్లీ కాపురాలొచ్చాయి. ఇలాంటి కథనమే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పొడి వచనం, కర్త ఎక్కడో క్రియ ఎక్కడో, ఫుల్‌స్టాపు లేని వాక్యం. అయినా చెరువు అనేది ఒకసారి కట్టి వదిలేసే వస్తువు కాదనీ, తరతరానికీ మళ్లీ మళ్లీ కట్టుకోవాల్సిందనీ వీటికి తెలుసు. శాసన కవికి తెలియనిది ఈ కరణాలకు తెలుసు. నా లెక్కలో కైఫీయత్తే మంచి సాహిత్యం.

దీన్ని స్వర్ణయుగం కథ చేయొద్దు. డేవిడ్ మోస్ "ద రూల్ ఆఫ్ వాటర్" (2003) తమిళనాడు చెరువుల మీద ఆ భ్రమను బాగానే దించింది. ఊరంతా సమానంగా చేతులు కలిపి చెరువు కాపాడుకున్నారన్నది చాలావరకు తర్వాతి వాళ్ల ఊహ, అక్కడా రాజ్యం ఉంది, కులం ఉంది, బలవంతం ఉంది అంటాడు. సీమలో వేరేలా ఉంటుందని అనుకోవడానికి కారణం లేదు. తూము తెరిచి మూసే నీరుగంటి చాలాచోట్ల దళితుడు. ఆయన వదిలే నీళ్లు పారే పొలాల్లో ఆయనది ఎంత? బ్రిటిష్ వాళ్లు 1858లో మద్రాసు రాష్ట్రంలో ఏకంగా నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చారు, గండ్లు పడకుండా చూడటానికి రైతులను కదిలించడానికి. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం, 2007లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సుమారు 3000 చెరువుల కోసం సామాజిక యాజమాన్య ప్రాజెక్టు. పేర్లు మారాయి. "మీ చెరువు మీరే చూసుకోండి" అనే మాటలో హక్కు ఎంత, వదిలించుకోవడం ఎంత అన్నది ఊరిని బట్టి ఉంటుంది.

ఉద్యమాల ఊహ కూడా కట్టడం దగ్గరే ఆగుతుందని ఒక్కోసారి అనిపిస్తుంది. 2016 మే 31న వేలమంది రైతులు కర్నూలు జిల్లా సిద్ధేశ్వరం చేరి, కృష్ణా నది మీద అలుగుకు తామే శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం వేయని రాయిని జనమే వేయడం నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే విషయం. సీమ నీటి వాటా డిమాండు న్యాయమైనది, అందులో రెండో మాట లేదు. కానీ చూడండి, ఎదిరించేటప్పుడు కూడా మన చేతిలో ఉన్న ప్రతీక రాజుగారి ప్రతీకే, శంకుస్థాపన రాయి. ఆ వేలమందే ఒక వేసవి అంతా కుందూలోకి దిగే వంకల్లో కంప కొడితే దాని మీద ఎవరైనా పాట కడతారా?

కేతు విశ్వనాథరెడ్డి కథకుడిగా పేరు తెచ్చుకున్నారు గానీ, ఆయన పరిశోధన కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద. ఆ పని గుర్తొచ్చినప్పుడల్లా మ్యాపు మీద చూపు నీళ్ల పేర్ల వెంటే పోతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, పక్కన కోవెలకుంట్ల. మడుగు, గుంట, కుంట. కరువు సీమ అని మనం అడ్డంగా రాసేసిన చోట ప్రతి రెండో ఊరి పేరు నీళ్లతో తడిసి ఉంది. పేరు పెట్టినవాళ్లకు ఆ గుంట బతికి ఉండటం మామూలు విషయం. దాన్ని ఎవరో చూసుకుంటున్నారు కాబట్టి.

ఈ వ్యాసం ఆలోచిస్తున్న రోజుల్లోనే మా మేనమామ దగ్గర ఒక చెరువు సంఘం మినిట్స్ పుస్తకం చూశాను. కడప జిల్లాలో చిన్న ఊరు, చిన్న చెరువు, గళ్ల నోటుపుస్తకం. అందులో వాక్యాలన్నీ తీర్మానాలే. తూము తలుపు వంకర పోయింది, మార్చాలి. జేసీబీ ఎన్ని గంటలు ఆడింది, డీజిల్ ఎంత. ఒండ్రు ఎవరి పొలానికి ఎన్ని ట్రాక్టర్లు పోయింది. మరవ మీద ఎవరో ఇసుక బస్తాలు పేర్చారు, తీయించాలి. అదే మాట రెండు నెలలకు మళ్లీ, ఆ తర్వాత మళ్లీ. బస్తాలు పేర్చినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా రాయలేదు, ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి. చేపల వేలం డబ్బు మీద గొడవ నాలుగు పేజీలు సాగుతుంది, చదువుతుంటే పక్కన కూచున్నట్టే ఉంటుంది. నేను ఈ ఏడాది చదివిన వాటిలో ఇంత పట్టి కూచోబెట్టిన వచనం తక్కువ.

కంప కొట్టిన రోజుల కూలీ పట్టీలు అదే పుస్తకంలో వెనక నుంచి రాసుకొచ్చారు. ఒక్కో పేజీకి ఇరవై, పాతిక పేర్లు, సగానికి పైగా ఆడవాళ్లవి. ప్రతి పేరు పక్కన సంతకమో, వేలిముద్రో. భాస్కరుడి శాసనంలో వెయ్యిమంది ఒక అంకెలో సర్దుకుపోయారు. ఇక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో గీత గీసి, దాని మీద పేరు రాశారు.